గొడ్డుతీగ కాసిన ఏడు

మండికల్‌లో హనుమక్క ఆవుతో మాట్లాడేది, కోళ్ళతో మాట్లాడేది, పెరట్లోని చిక్కుడు తీగతో అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడేది. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కోడలితో మాత్రం మాట్లాడేది కాదు.

కోడలు అంబిక బాగేపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. వచ్చిన కొత్తలో అత్తాకోడళ్ళు బాగానే ఉండేవారు. ఒకే ఆకులో తినేంత కాకపోయినా, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునేంత చనువు ఉండేది. అంబికకు కూతురు పుట్టాక ఆ మాట ఆగిపోయింది. నామకరణం నాడు ఉయ్యాల చుట్టూ ముత్తైదువలు నిలబడి ఉండగా హనుమక్క వంగి పాప చెవిలో "సుజాత" అని చెప్పబోయింది. అంబిక చటుక్కున పాపను ఎత్తుకుంది.

"ఆ పేరొద్దత్తా."

సుజాత హనుమక్క కన్న కూతురు, అంబిక భర్త ఆనంద్‌కుమార్‌కు చెల్లెలు. ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే జ్వరం తగిలి పోయింది.

"పోయిన బిడ్డ పేరు నా బిడ్డకు పెట్టేది నాకిష్టం లేదు. ఇంగేదన్నా పెట్టు, కాదనను," అంది అంబిక.

"ఈ ఇంట్లో ఆ పేరు ఒకరన్నా పిలస్తా ఉండల్ల గదమ్మా. నేను పోయినాక ఎవరు పిలస్తారు?"

అంబిక తల అడ్డంగా ఊపింది. బంధువులు ఇటు సర్దారు, అటు సర్దారు. చివరికి పాపకు ప్రమోద అని పేరు పెట్టారు. హనుమక్క ఉయ్యాల దగ్గర నుంచి లేచింది. "సరే. ఆ పేరు నీ నోట్లోంచి వచ్చిన దినమే నీకూ నాకూ మాట," అనేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల్లో చల్లారుతుందనుకున్నారు. చల్లారలేదు. ప్రమోద నడిచింది, బడికి పోయింది, ఎక్కాలు నేర్చుకుంది. హనుమక్క పంతం మాత్రం రోటి పొత్రంలా ఉన్నచోటే ఉండిపోయింది.

పులుసులో ఉప్పు ఎక్కువైతే ఆమె ఆవు దగ్గరికి పోయి, "ఇది పులుసా, సముద్రమా? గౌరీ, ఆమెకు చెప్పమ్మా," అనేది. అంబిక వంటింట్లోంచే, "రేపట్నించి తగ్గిస్తానని చెప్పు గౌరీ," అనేది. ఆవు ఇద్దరి మధ్యా నెమరు వేసుకుంటూ నిలబడేది. ఆనంద్‌కుమార్‌కు మొదట నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చింది, ఆ తర్వాత అలవాటైపోయింది.

అలాగని హనుమక్కకు కోడలంటే కక్ష లేదు. ఒకసారి అంబికకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు పక్కనే కూర్చుని రాత్రీ పగలూ తడిబట్ట మార్చింది. గంజి చల్లార్చి గ్లాసు చేతికి అందించింది. ఒక్క మాట మాత్రం అనలేదు. ఆ చేతుల మెత్తదనమూ, ఆ నోటి బిగువూ ఒకే మనిషివి ఎలా అయ్యాయో అంబికకు అర్థమయ్యేది కాదు.

ఇక ఆ చిక్కుడు తీగ. ఆ వైపు అందరి ఇళ్ళల్లోనూ ఉండేది అనప, లేదంటే తెల్లపూల చిక్కుడు. ఇది వేరే జాతి. హనుమక్క భర్త చిన్నప్ప నందికొండ మీది తోటలో మాలిగా పనిచేసిన రోజుల్లో గుప్పెడు గింజలు రుమాల్లో మూటగట్టుకొచ్చాడు. ఊదారంగు మీద నల్లచుక్కలతో అవి పిట్టగుడ్లలా ఉంటే సుజాత ఆడుకోవడానికి తీసుకుంది. ఆడి ఆడి, చివరికి పెరటి గోడవారన నేలలో గుచ్చింది. తీగ పందిరి ఎక్కేలోగా పిల్ల పోయింది.

తీగ మాత్రం పోలేదు. దానికి నేల లోపల గడ్డ ఊరింది. ఎండాకాలంలో పైదంతా ఎండి చిట్లిపోయినా, వాన పడగానే మళ్ళీ మొలకెత్తి గుంజలు ఎక్కేది. కుంకుమ రంగు పూలు గుత్తులు గుత్తులుగా పూసేది. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయేది. ఒక్క పిందె నిలిచేది కాదు. కొండ చల్లదనానికి అలవాటుపడిన జాతి, కింది వేడికి కాయదని చిన్నప్ప బతికున్నన్నాళ్ళూ చెప్పేవాడు. ఊళ్ళోవాళ్ళు దానికి గొడ్డుతీగ అని పేరు పెట్టారు.

రోజూ మిట్టమధ్యాహ్నం, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, హనుమక్క పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టుకుని ఆ పందిరి కిందికి పోయేది. అక్కడి రాయి మీద కూర్చుని, ఆకుల్లో మొహం పెట్టి, గొణుగుతున్నట్టుగా ఏదో అనేది. కాసేపు ఆగేది. ఆ తర్వాతే తాను తినేది. వంటింటి కిటికీలోంచి అంబికకు ఆ గొణుగుడు వినబడేది గానీ మాటలు తెలిసేవి కావు. తన మీద చాడీలు చెబుతోందని మొదట్లో అనుకుంది. తర్వాత అలా అనుకోవడం కూడా మానేసింది.

శివరాత్రి పోయి ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పెరట్లో పళ్ళెం పడిన చప్పుడైంది. అంబిక పరుగెత్తింది. హనుమక్క గుంజకు ఒరిగిపోయి ఉంది. నుదుటి మీద చెమట, పెదాల మీద నీలం.

"అత్తా! అత్తా, నేనే!"

హనుమక్క కళ్ళు తెరిచి చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది. పెదాలు కదిలాయి. ఇన్నేళ్ళకు తనతో ఏదో అనబోతోందని అంబిక చెవి దగ్గరగా పెట్టింది. హనుమక్క మెల్లగా మొహం తిప్పేసుకుంది. ఎండిన తీగ వైపు, మనిషి చెవిలో చెప్పినట్టుగా, రెండు మూడు మాటలు అంది. అంతే. ఊపిరి ఆగిపోయింది.

కర్మలయ్యేదాకా అంబిక ఏడవలేదు. అయ్యాక వంటింట్లో కూర్చుని ఏడ్చింది. పోయే మనిషి చివరి మాట కూడా తనకు దక్కకుండా పోయిందే అన్న ఉక్రోషం ఆ ఏడుపులో సగం ఉంది.

ఆనంద్‌కుమార్ పాలవ్యాపారం పెంచాలనుకుంటున్నాడు. పెరట్లో సీమ ఆవులకు షెడ్డు వేద్దామని పందిరి పీకేశాడు, గుంజలు పొయ్యిలోకి వేశాడు, ఎండు తీగను నేలమట్టానికి కోసి తగలబెట్టాడు. ఆరో తరగతికి ప్రమోదకు చింతామణి దగ్గరి వసతి శాలెలో, హాస్టలున్న బడిలో, సీటొచ్చింది. జూన్‌లో ట్రంకు పెట్టెతో దాన్ని అక్కడ దింపి వచ్చారు. ఇల్లు బోసిపోయింది. పగలంతా ఆనంద్‌కుమార్ చేనుకో డెయిరీకో పోతే, అంబిక ఒక్కతే.

వాన పడింది. గడ్డ మొలిచింది.

ఈసారి ఒక్కటే మొలక వచ్చింది, వేలంత లావుగా. ఎక్కడానికి పక్కనే గోడ ఉంది, బట్టలారేసే తీగ ఉంది, జామచెట్టు ఉంది. చిక్కుడన్నది ఏది అందితే దాన్ని చుట్టుకునే జాతి. ఇది దేన్నీ ముట్టుకోలేదు. నేల మీదే పాకుతూ ఇంటి వైపు రాసాగింది. అంబిక దాన్ని ఎత్తి జామకొమ్మకు చుట్టింది. మర్నాడు చూస్తే చుట్లన్నీ విప్పుకుని మళ్ళీ నేల మీద, కొస ఇంటి వైపు తిప్పుకుని ఉంది. గోడవైపు మళ్ళించి మీద రాయి పెట్టింది. రాయి కింద నుంచి తప్పించుకుని మళ్ళీ ఇటే తిరిగింది. ఆవు తొక్కలేదు, కోళ్ళు పొడవలేదు. కోళ్ళయితే దాన్ని దాటవలసి వస్తే చుట్టూ తిరిగి పోయేవి.

శ్రావణం వచ్చేసరికి అది వంటింటి గోడను అందుకుని, కిటికీ కమ్మీల దాకా పాకి, అక్కడ ఆగిపోయింది. ఇక పైకి పోలేదు. కిటికీ నిండా అల్లుకుని, కొసను మాత్రం లోపలికి వంచి, తొంగిచూసే మనిషి తలలా గాలిలో ఆడిస్తూ ఉండిపోయింది. ఎర్రగా పూసింది. పొయ్యి దగ్గర కూర్చున్న అంబికకు వీపు మీద ఎవరో చూపు ఆనించినట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆమెకు గొణుగుడు వినబడింది. పక్కింట్లో రేడియో అనుకుంది. పెరట్లోకి వెళ్తే ఆగిపోయింది. లోపలికి వచ్చి గరిటె పట్టుకుంటే మళ్ళీ మొదలైంది. ఆ ఎత్తూ, ఆ ఒడుపూ, మధ్యలో ఆ ఆగడం ఆమెకు బాగా తెలుసు. పదేళ్ళుగా ఆ కిటికీలోంచి విన్నదే. ఇప్పుడూ మాటలు తెలియలేదు. గాలి లేదు. జామాకు ఒక్కటీ కదలడం లేదు. చిక్కుడాకులు మాత్రం, పెదాలు ఆడినట్టు, సన్నగా ఆడుతున్నాయి.

భర్తకు చెబితే, "మా అమ్మ పోయినప్పట్నించి నీకు నిద్ర సరిగా లేదు. అదే," అన్నాడు.

ఆ తర్వాతి వారం పువ్వులు రాలలేదు. వాటి అడుగున పిందెలు కనబడ్డాయి. చూస్తుండగానే జానెడు కాయలయ్యాయి, గరుకుగా, బరువుగా.

పక్కింటి బయ్యమ్మ మజ్జిగ కోసం వచ్చి కిటికీ చూసి గడపలోనే నిలబడిపోయింది. బయ్యమ్మ హనుమక్క ఈడుది, ఇద్దరూ ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చారు.

"కాసిందే! అంబికమ్మా, గొడ్డుతీగ కాసిందే!"

"ఈ ఏడు చల్లగా ఉండాది గదక్కా. అందుకేమో."

"చల్లగా ఉండే ఏండ్లు ఇంతకు ముందు లేవా? పీకెయ్ తల్లీ. తినబాకండి." మజ్జిగ చెంబు అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయింది.

అంబిక పీకేసేదే. ఆమె డెయిరీకి పాలు పోసి వచ్చేసరికి ఆనంద్‌కుమార్ బుట్టెడు కాయలు కోసి పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. "మా అమ్మ ఒక్క కాయ చూడాలని ఎంత కాచుకునిందో తెలుసా? తాలింపు వెయ్," అన్నాడు. తల్లి పేరెత్తాక అంబిక కాదనలేకపోయింది. నార తీసి, తరిగి, ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టింది. ఆవిరి మొహానికి కొట్టగానే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అది చిక్కుడు వాసన కాదు. మూసిన గదిలో, చాలా రోజులుగా జ్వరంతో పడుకున్న పిల్లల పక్క దగ్గర వచ్చే వాసన. ఆనంద్‌కుమార్‌కు ఏమీ తెలియలేదు. సంగటిలో అద్దుకుని మళ్ళీ మళ్ళీ వేయించుకుని తిన్నాడు. అంబిక ఊరుబిండి పచ్చడితో సరిపెట్టుకుంది.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తే అతను గ్లాసు అందుకున్నాడు, తాగాడు, లేచి ఆవు దగ్గరికి పోయాడు.

"గౌరీ, చక్కెర తక్కువైందని ఆమెకు చెప్పు."

అంబిక నవ్వింది. తల్లిని తలుచుకుని పరాచికమాడుతున్నాడనుకుంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఆవుతోనే, "వస్తాండానని చెప్పు," అన్నాడు. సాయంత్రానికీ అంతే. భుజం పట్టుకుని కుదిపింది. "చాలు, ఇంక ఆట చాలించు. నాతో మాట్లాడు." అతను ఆమెను చూడనే లేదు. కోపమూ లేదు, ఎగతాళీ లేదు. ఆమె నిలబడ్డ చోట ఎవరూ లేనట్టు ఉంది ఆ చూపు.

ఆ ఏడు ఊరూరా చికున్‌గున్యా తిరుగుతోంది. కీళ్ళు పట్టేసి మనుషులు గోడలు పట్టుకుని నడుస్తున్నారు. ఆ జ్వరం తలకెక్కిందేమోనని ఆమె మొగుణ్ణి పేరేసంద్రలో డాక్టరుకు చూపించింది. డాక్టరుతో ఆనంద్‌కుమార్ శుభ్రంగా కన్నడంలో మాట్లాడాడు, వానల గురించి, పాల గురించి. "నిమ్మ యజమానరు చెన్నాగిద్దారమ్మా," అన్నాడు డాక్టరు, మీ ఆయన బాగానే ఉన్నాడని. తిరుగు బస్సులో ఆమె పక్కనే కూర్చుని, ముందు సీటు కమ్మీతో, "కిటికీ మూయమని చెప్పు, చలిగా ఉండాది," అన్నాడు అతను.

ఇంటికి రాగానే అంబిక కొడవలి తీసుకుంది. కమ్మీలకు చుట్టుకున్న తీగను మొదలుదాకా ముక్కలు ముక్కలుగా కోసింది, కాయలతో సహా దిబ్బలో వేసి పేడ కప్పింది. దసరా సెలవులకు ప్రమోద రాబోతోంది. ఆ పిల్ల నోట్లోకి ఆ కాయ ఒక్కటి కూడా పోకూడదు.

ప్రమోద వచ్చింది. నాలుగు నెలల కబుర్లు మూటగట్టుకొచ్చినట్టుంది. హాస్టల్లో ఇడ్లీ రాయిలా ఉంటుందని, లెక్కల మేష్టారికి మీసం ఒకవైపే పెరుగుతుందని, అమ్మ కొంగు పట్టుకుని వంటింట్లో తిరుగుతూ గలగలా చెప్పింది. ఎన్నో రోజులకు మనిషి గొంతు తనవైపు తిరగడంతో అంబిక కళ్ళు తుడుచుకుంటూ రొట్టెలు కాల్చింది. సాయంత్రం పాలు పోయడానికి డెయిరీకి వెళ్ళింది. అక్కడ వరుసలో నిలబడిన కాసేపట్లోనే అంతా అయిపోయింది.

తిరిగొచ్చేసరికి తండ్రీ కూతుళ్ళు గడప మీద కూర్చున్నారు. మధ్యలో ఉప్పునీళ్ళలో ఉడికించిన చిక్కుడుకాయల గిన్నె. అతను ఎక్కడో దాచుకున్నవి. చుట్టూ ఒలిచేసిన తొక్కలు.

"అమ్మూ, ఉమ్మెయ్! ఉమ్మేయమ్మా!"

ప్రమోద తలెత్తింది. అమ్మ మొహం మీదుగా, అమ్మ వెనకాల ఏదో చూస్తున్నట్టు చూసింది. తర్వాత కట్టుకొయ్య దగ్గరి దూడ వైపు తిరిగి, "రేప్పొద్దున నాకు జడ వేయమని ఆమెకు చెప్పు," అంది.

'ఆమె'. అంబిక చేతిలోని పాలక్యాను నేల మీద పడి దొర్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ప్రమోద కనబడలేదు. వెతికితే పెరట్లో ఉంది. కోసేసిన తీగ మొదలు దగ్గర, అవ్వ కూర్చునే రాయి మీద కూర్చుని, తల వంచి, కథ వింటున్నట్టు "ఊఁ... ఊఁ..." అంటోంది. అంబికను చూసి లేచి వచ్చేసింది. వస్తూ దూడ చెవిలో చెప్పింది. అంబికకు వినబడేంత గట్టిగానే చెప్పింది.

"అవ్వ నాకు పేరు మార్చేస్తుందంట. అప్పుడు అందరూ మాట్లాడొచ్చంట."

అంబిక బయ్యమ్మ ఇంటికి పరుగెత్తింది. కొప్పు ఊడిపోయి, చెప్పులు లేకుండా వచ్చిన ఆమెను బయ్యమ్మ లోపలికి రమ్మంది. చాపేసి కూర్చోబెట్టింది.

"అక్కా, ఆ పిల్ల ఎట్ల పోయింది? జ్వరమనే తెలుసు, ఇంగేమీ నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

బయ్యమ్మ చేతిలోని వక్కను పక్కన పెట్టేసింది.

"చెప్పే కథ కాదమ్మా అది. జ్వరమొచ్చింది పిల్లకు. నాటు వైద్యుడొకడు వచ్చి పత్తెం అన్నాడు. అన్నం పెడితే జ్వరం ముదురుతుంది, లంఖణం చేయించండి అన్నాడు. ఆ కాలంలో అదే గదా వైద్యం. పిల్ల మంచంలోంచి, 'అమ్మా అన్నం, అమ్మా అన్నం' అని ఒకటే పిలుపు. హనుమక్క ఎదురుపడితే పెట్టకుండా ఉండలేదని, వంటింట్లో కూచోని నోట్లో కొంగు కుక్కుకుని ఊరికే ఉండిపోయె. పలకలేదమ్మా, ఒక్కసారి కూడా పలకలేదు. మిట్టమధ్యాహ్నం ఆ పిలుపు నిలిచిపోయె. అప్పుడు పోయింది ముద్ద కలుపుకుని." బయ్యమ్మ కళ్ళొత్తుకుంది. "ఎంత ముద్దుగా ఉండేదో తెలుసునా ఆ పిల్ల! కాళ్ళకు చక్రాలు. నా ఇంట్లో బెల్లం డబ్బా యాడ పెట్టినా కనిపెట్టేసేది."

అంబిక ఇంటికి తిరిగి నడిచింది. ఇన్నేళ్ళూ ఆమెకు 'సుజాత' అంటే ఒక పేరు, ఒక అపశకునం, తన బిడ్డ మీద పడబోయిన నీడ. బెల్లం డబ్బా వెతికిన పిల్లగా, ఆకలితో అమ్మను పిలిచిన పిల్లగా ఒక్కనాడూ ఆలోచించలేదు. అత్త రోజూ మధ్యాహ్నం పళ్ళెం పట్టుకుని ఆకుల్లో మొహం పెట్టి ఏమనేదో ఇప్పుడు తెలిసింది. చాడీలు కావు. పిలుపు. అన్నానికి పిలుపు. నేను పోయినాక ఎవరు పిలస్తారని ఆమె అడిగింది ఇదే.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చింది. ప్రమోద అప్పటికే రాయి దగ్గరికి నడుస్తోంది. అంబిక పిల్లను రెండు చేతులా ఎత్తి ఇంట్లో పడేసి బయట గొళ్ళెం పెట్టింది. పళ్ళెంలో సంగటి ముద్ద, పులుసు, పక్కన బెల్లం ముక్క పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కోసేసిన మొదలు నుంచి అప్పుడే మూరెడు కొత్త చిగురు లేచి నిలబడి ఉంది, ఏ ఆధారమూ లేకుండా, నిటారుగా. ఎదురుగా రాయి మీద కూర్చుంది.

"అత్తా," అంది. "నా బిడ్డకు నీ బిడ్డ పేరు పెట్టను. అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నా బిడ్డ నా బిడ్డే. దాన్ని వదులు."

చిగురు కొస ఆమె వైపు వంగింది. కట్టుకొయ్య దగ్గర ఆవు గట్టిగా అరిచి ఆగిపోయింది. కాకి కూడా కూయని ఆ ఎండలో గొణుగుడు మొదలైంది, నేలలోంచి, ఆమె పాదాల కింద నుంచి.

"నీ బిడ్డ పేరు నీ బిడ్డకే ఉండనీ అత్తా," అంది అంబిక. "పిలవల్ల, అంతే గదా? నేను పిలస్తా. నువ్వు పిలిచినన్ని దినాలు నువ్వు పిలిచినావు. ఇంగ నేను పిలస్తా."

గొణుగుడు ఆగింది. అంబిక కళ్ళు మూసుకుంది. ఉయ్యాల దగ్గర వద్దన్న నాటి నుంచి తన నోట ఒక్కసారి కూడా రానివ్వని పేరు అది. బలమంతా కూడదీసుకుని, సందులో ఆడుకునే పిల్లలను తల్లులు కేకేసినట్టు కేకేసింది.

"సుజాతా! ఓ సుజాతా! అన్నం తిందువు రామ్మా!"

తర్వాత గోడ అవతల నుంచో, నేల లోపల నుంచో, చాలా దూరం నుంచి పరుగెత్తుకొచ్చే చిన్న పాదాల చప్పుడు. దగ్గరైంది. ఆమె మోకాలి పక్కనే ఆగింది. ఆయాసపడుతున్న ఊపిరి, వేడిగా, ఆమె చేతికి తగిలింది. జ్వరం వేడి.

"వచ్చినా," అంది ఒక గొంతు.

అంబిక కళ్ళు తెరవలేదు. తెరవకూడదని ఎవరూ చెప్పలేదు, తెరవలేకపోయింది. పళ్ళెం ఒళ్ళో కాస్త బరువెక్కి, మళ్ళీ తేలికైంది. ఆ వేడి మెల్లగా చల్లబడింది. ఇక ఎవరూ లేరని తెలిశాక చూసింది. సంగటి ముద్ద ఒక పక్కన చిన్నగా తుంచి ఉంది. తుంచిన చోట వేళ్ళ గుర్తులు, ఆమె చిటికెన వేలి కంటే సన్నవి. బెల్లం ముక్క లేదు.

ఇంట్లోంచి తలుపు బాదిన చప్పుడు. "అమ్మా! గొళ్ళెం యాల పెట్టినావు? అమ్మా, జడ వెయ్యవా?"

ఆనంద్‌కుమార్ ఆ సాయంత్రం కాఫీ తాగుతూ, "చక్కెర ఎక్కువేసినావే," అన్నాడు, నేరుగా ఆమె మొహంలోకి చూస్తూ. ఆ నెలరోజులు అతనికి ఏమీ గుర్తు లేవు. పేరేసంద్రలో డాక్టరు దగ్గరికి ఎందుకు పోయామని అడిగాడు. మోకాళ్ళ నొప్పికి అని చెప్పింది.

తీగకు ఆమె మళ్ళీ గుంజలు పాతించింది. షెడ్డు రెండో పక్కన వేశారు. తీగ బుద్ధిగా పందిరెక్కింది, ఎర్రగా పూసింది, పూసినవన్నీ రాలాయి. మళ్ళీ ఎన్నడూ కాయలేదు. అంబిక మాత్రం మధ్యాహ్నం వేళ ఇల్లు కదలడం మానేసింది. తమ్ముడి పెళ్ళికి బాగేపల్లి పోయినా ముహూర్తం చూసి, పప్పన్నం వడ్డించకముందే బస్సెక్కింది. పుట్టింటివాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. అత్త పిచ్చి కోడలికి పట్టిందని ఊళ్ళో అనుకున్నారు. ఆనంద్‌కుమార్ ఒకసారి అడిగాడు, రోజూ అక్కడ ఏం చేస్తావని. "అన్నం తింటా," అంది. అది అబద్ధం కాదు గాబట్టి అతను నమ్మాడు.

భయం పోయిందా అంటే పోలేదు. పాదాల చప్పుడు వినబడినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తూనే ఉండేది. కాకపోతే ఆ ఊపిరి వేడి రోజురోజుకూ తగ్గుతోంది. ఒక రోజున అది మామూలు పిల్లల ఊపిరంత చల్లగా తగిలినప్పుడు, జ్వరం దిగిందని తెలిసి, ఆమె కళ్ళు మూసుకునే ఏడ్చింది.

ప్రమోద పదో తరగతిలోకి వచ్చిన ఏడు, శ్రావణంలో, అంబిక పేరేసంద్ర సంతకు వెళ్ళింది. రోడ్డు పక్క గాజుల బండి దగ్గర ఎర్రగాజులు ఏరింది, పెద్దపిల్లకు ఒక జత, చిన్నవి ఒక జత.

"ఇద్దరు ఆడపిల్లలా అమ్మా?" అన్నాడు గాజులాయన, కాగితంలో చుడుతూ.

"అవునప్పా, ఇద్దరే."

"చిన్నదానికి ఎన్నేండ్లు? సైజు సరిపోతుందా?"

"ఏడు. సరిపోతాయిలే."

అతను చుట్టడం ఆపి ఆమె వైపు చూశాడు. "పోయిన సారి గూడా ఏడనే చెప్తివి గదమ్మా?"

రోడ్డు మీద మండికల్ బస్సు హారను కొట్టింది. ఎండ నడినెత్తికి రావడానికి ఇంకా కొంచెం పొద్దుంది. అంబిక గాజుల పొట్లం అందుకుని కొంగులో ముడేసుకుంది, బస్సు వైపు గబగబా నడిచింది.